సూది, స్కాన్, కీమో, నిద్రపట్టని రాత్రి: ఎక్కడ ఏ రిలాక్సేషన్ పద్ధతి?

క్యాన్సర్ చికిత్సలో సూది గుచ్చే ముందు అరనిమిషం మాత్రమే దొరుకుతుంది. ఎమ్మారై గొట్టంలో 30 నుంచి 60 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. కీమో కుర్చీలో గంటలు గడుస్తాయి. ఇంటికొచ్చాక అర్ధరాత్రి మెలకువ వస్తే తెల్లారేదాకా ఆలోచనలే. ఈ నాలుగు చోట్లా ఆందోళన ఒకేలా అనిపించవచ్చు గాని, చేతిలో ఉన్న సమయం వేరు, ఒంటి స్థితి వేరు. అందుకే "అన్నిటికన్నా మంచి పద్ధతి ఏది?" అని అడిగితే జవాబు తేలదు. "ఏ గంటకు, ఏ ఒంటికి?" అని అడిగితే తేలుతుంది.

కాబట్టి ఎంచుకునే ముందు ఒక పని చేయండి. గడిచిన వారంలో మీకు అన్నిటికన్నా కష్టంగా గడిచిన గంట ఏదో రాసుకోండి. అప్పటి ఒత్తిడికి 0 నుంచి 10 మధ్య ఒక అంకె ఇవ్వండి. క్యాన్సర్ విభాగాల్లో వాడే 'డిస్ట్రెస్ థర్మామీటర్' ఇలాంటిదే. అందులో 4 గాని అంతకు మించి గాని వస్తే చికిత్స బృందం ఇంకాస్త లోతుగా మాట్లాడి చూడాలన్నది లెక్క. ఆ ఒక్క గంటకు సరిపోయే ఒక్క పద్ధతితో మొదలుపెట్టండి. ఒకేసారి నాలుగు నేర్చుకోబోతే ఏదీ ఒంటబట్టదు.

శ్వాస: అన్నిటికన్నా చిన్నది, ఎక్కడైనా చేయగలిగేది

ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చండి, 6 అంకెలంత సేపు వదలండి. ఇలా చేస్తే నిమిషానికి సుమారు 6 శ్వాసలు వస్తాయి. 5 నిమిషాలు చాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. వదిలే సమయాన్ని పొడిగించమనేది అందుకే.

ఇందులో ఎక్కువమంది చేసే పొరపాటు 'దీర్ఘ శ్వాస' అనగానే ఛాతీ నిండా గాలి లాగడం. గబగబా లోతుగా పీల్చితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తల తిరుగుతుంది, పెదాలు, వేళ్లు జివ్వుమంటాయి. అది చూసి ఇంకా భయపడి ఇంకా లాగుతారు. కావలసింది నెమ్మది, లోతు కాదు. మామూలుగా పీల్చేంత గాలే పీల్చండి, వదలడం మాత్రం సాగదీయండి. 4, 6 ఇబ్బందిగా ఉంటే 3, 4 తో మొదలుపెట్టండి.

ఊపిరితిత్తుల్లో వ్యాధి ఉండో, ఛాతీలో నీరు చేరో ఆయాసపడేవాళ్లకు ఈ పద్ధతి తరచు బెడిసికొడుతుంది. ఊపిరి అందడం లేదన్న భయంలో ఉన్న మనిషిని ఊపిరినే గమనించమంటే భయం పెరుగుతుంది. వాళ్లు కూర్చుని కాస్త ముందుకు వంగి, ముంజేతులు బల్ల మీద ఆనించి, కొవ్వొత్తిని మెల్లగా ఊదినట్టు పెదాలు ముడిచి గాలి వదలాలి. ధ్యాస మాత్రం చేతులు బల్లకు ఆనిన చోట ఉంచాలి. ఊపిరి బిగపట్టి లెక్కపెట్టే పద్ధతులు వాళ్లకు వద్దు.

రేడియేషన్ బల్ల మీద మరో జాగ్రత్త ఉంది. ఎడమ రొమ్ముకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు గుండెను కిరణాలకు దూరంగా ఉంచడానికి చాలాచోట్ల గాలి నిండా పీల్చి కొన్ని సెకన్లు బిగపట్టమంటారు. ఛాతీకో పొట్టకో ఇచ్చే రేడియేషన్‌లో కూడా శ్వాసతో పాటు అవయవాలు కదలడాన్ని లెక్కలోకి తీసుకునే ప్లాన్ వేస్తారు. అక్కడ మీ సొంత శ్వాస లెక్క మొదలుపెట్టకూడదు. టెక్నీషియన్ చెప్పినట్టే పీల్చాలి. రిలాక్సేషన్ కోసం ఊహనో, సంగీతాన్నో వాడుకోండి.

కండరాలు బిగించి వదలడం: ఒళ్లంతా బిగుసుకుపోయేవాళ్లకు

దీన్ని రూపొందించినది ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ వైద్యుడు. ఆయన పుస్తకం 1929లో వచ్చింది. ఆయన పద్ధతి నేర్చుకోవడానికి నెలలు పట్టేది. ఇప్పుడు వాడుకలో ఉన్నది కుదించిన రూపం. శరీరాన్ని 16 భాగాలుగా చేసి, ఒక్కో భాగాన్ని 5 నుంచి 7 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, 30 నుంచి 40 సెకన్లు ఆ వదులుతనాన్ని గమనించడం. వరుస ఇది: కుడి పిడికిలి, కుడి పైచెయ్యి, ఎడమ పిడికిలి, ఎడమ పైచెయ్యి, నుదురు, కళ్లు ముక్కు, దవడ, మెడ, భుజాలతో కలిపి ఛాతీ, పొట్ట, ఆపైన ఒక్కో కాలికీ తొడ, పిక్క, పాదం. మొదట్లో 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వారం పది రోజుల్లో రెండు చేతులు కలిపి, ముఖమంతా కలిపి చేస్తూ భాగాలను 7కు, తర్వాత 4కు తగ్గించుకోవచ్చు. అప్పుడు 5 నిమిషాల పని.

ఆలోచనలు ఆగని మనిషికి ఇది మంచి ఎంపిక. కళ్లు మూసుకుని ఊరికే కూర్చోమంటే మనసు మళ్లీ రిపోర్టు దగ్గరికే పోతుంది. పిడికిలి బిగించమంటే చేయడానికి ఒక పని దొరుకుతుంది. దవడ పట్టేసినట్టు, భుజాలు చెవుల దాకా లేచినట్టు ఉన్నా తమకే తెలియనివాళ్లు దీనితో ఆ తేడా కనిపెడతారు.

చెడగొట్టే పొరపాట్లు మూడు. శక్తినంతా పెట్టి బిగించడం మొదటిది. మీ బలంలో సగం చాలు. బిగించినప్పుడు ఊపిరి కూడా బిగపట్టడం రెండోది. దీంతో రక్తపోటు పెరుగుతుంది, తలనొప్పి వస్తుంది. మెల్లమెల్లగా వదలడం మూడోది. చేతిలోని బరువు జారవిడిచినట్టు ఒక్కసారిగా వదిలితేనే తేడా తెలుస్తుంది. పాదాలు, పిక్కలు మాత్రం 3 సెకన్లకు మించి బిగించొద్దు, పట్టేస్తాయి. కీమో వల్ల కాళ్లలో నరాల తిమ్మిర్లు ఉన్నవాళ్లు వాటిని అసలు బిగించకుండా వదిలేయడమే మేలు.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు వాడకూడని సందర్భాలు చాలానే ఉన్నాయి. మామూలు ఆడియోల్లో ఇవి చెప్పరు. ఎముకల్లోకి వ్యాధి పాకితే, ముఖ్యంగా వెన్నెముకలోకో తొడ ఎముకలోకో పాకితే, ఆ భాగాన్ని బిగించొద్దు. ఆపరేషన్ కుట్లు మానేదాకా ఆ చుట్టుపక్కల వద్దు. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, స్టోమా (మలమూత్రాలు బయటికి పోవడానికి పొట్ట మీద చేసిన దారి) ఉన్నవాళ్లు పొట్ట వంతు దాటేయాలి. పిక్ లైన్ (మందు ఎక్కించడానికి చేతి రక్తనాళంలో పెట్టే సన్నని గొట్టం) లేదా పోర్ట్ (అదే పనికి చర్మం కింద అమర్చేది) ఉన్న వైపు, లింఫెడీమాతో (లింఫ్ ద్రవం చేరి) వాచిన చెయ్యి కూడా అంతే. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) బాగా పడిపోయినప్పుడు గట్టిగా ముక్కడం, బిగించడం రెండూ వద్దు. ఇవేవైనా ఉంటే మీ డాక్టరును ఒక్క మాట అడగండి, లేదా బిగించడం పూర్తిగా మానేసి వదలడం మాత్రమే చేయండి. ధ్యాసను చేతి మీదికి తెచ్చి, ఊపిరి వదిలినప్పుడల్లా ఆ చెయ్యి ఇంకాస్త పరుపులోకి దిగుతున్నట్టు అనుకోవడమే ఆ పద్ధతి. నీరసంగా ఉన్న రోజున ఎవరికైనా ఇదే తగినది.

సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవాళ్ల సంగతి పూర్తిగా తలకిందులు. వాళ్లకు ఆ క్షణంలో రక్తపోటు పడిపోతుంది. అప్పుడు ఒళ్లు వదులు చేస్తే ఇంకా పడిపోతుంది. వాళ్లు చేయాల్సింది రిలాక్సేషన్ కాదు, బిగించడం. సూది పడని చెయ్యి, కాళ్లు, నడుము కండరాలను 10 నుంచి 15 సెకన్లు ముఖం వెచ్చబడేదాకా బిగించి, 20 నుంచి 30 సెకన్లు మామూలు స్థితికి వచ్చి, ఇలా 5 సార్లు చేయాలి. పైన చెప్పిన నిషేధాలు దీనికీ వర్తిస్తాయి. అవి ఉన్నవాళ్లు ముందే నర్సుకు చెప్పి పడుకునే సూది వేయించుకోవడం క్షేమం. భయంతో వణికేవాళ్లు వేరు, కళ్లు తిరిగేవాళ్లు వేరు. మీరు ఏ కోవకు చెందుతారో ముందు తేల్చుకోండి.

ఊహా దృశ్యం: ఎక్కువసేపు, ఎక్కువ దూరం తీసుకెళ్లేది

కీమో కుర్చీలో గాని, స్కాన్ గొట్టంలో గాని శరీరం కదలడానికి లేదు, మనసు కదలగలదు. ఊహా దృశ్యం అక్కడ పనికొస్తుంది. బొమ్మ స్పష్టంగా కనబడటం కన్నా ఇంద్రియాలన్నీ కలవడం ముఖ్యం. ఒక చోటు ఎంచుకోండి. అక్కడ కాలి కింద ఏముంది, ఒంటికి తగిలే గాలి ఎలా ఉంది, దూరంగా ఏ చప్పుడు, దగ్గరగా ఏ చప్పుడు, వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది అని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోవాలి. ప్రతి వివరం దగ్గరా రెండు మూడు శ్వాసలంత సేపు ఆగాలి. 10 నుంచి 20 నిమిషాలు గడిపి, బయటికి వచ్చేటప్పుడు వేళ్లు కదిపి, నేలను తాకి, కళ్లు తెరవాలి. ఒక్కసారిగా లేస్తే తల తిరగవచ్చు.

కళ్లు మూస్తే ఏ బొమ్మా రానివాళ్లు కొందరు ఉంటారు. వాళ్లకు ఈ దారి మూసుకుపోలేదు. చప్పుళ్లతోనో, స్పర్శతోనో, తెలిసిన దారిలో అడుగులు లెక్కపెడుతూ నడిచినట్టు అనుకోవడంతోనో చేయవచ్చు.

చోటు ఎంచుకునేటప్పుడే సగం తప్పులు జరుగుతాయి. రెడీమేడ్ ఆడియోల్లో సముద్రం, పడవ, వెచ్చటి ఎండ ఎక్కువ. వికారంతో ఉన్న మనిషికి ఊగే పడవ ఏం సాయం చేస్తుంది? హార్మోన్ మందుల వల్ల ఒంట్లోంచి వేడి ఆవిర్లు వచ్చేవాళ్లకు ఎండ కన్నా చల్లటి నీడ నయం. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు తీసుకుంటూ చల్లటిది తగిలితే వేళ్లు, గొంతు జివ్వుమనేవాళ్లకు మంచుకొండలు హాయినివ్వకపోవచ్చు. ఆయాసం ఉన్నవాళ్లు నీటి అడుగున ఈదే దృశ్యాలు, ఇరుకైన గుహలు తీసేయాలి. వాసనలు పడకపోతే వాసన ఊసే ఎత్తొద్దు. చనిపోయిన ఆత్మీయులతో ముడిపడిన ఇల్లు మొదట హాయిగా ఉండి, మధ్యలో ఏడుపు తెప్పించవచ్చు. మనుషులు లేని, మంచి చెడులు అంటని చోటుతో మొదలుపెట్టడం మేలు.

అందుకే సొంత రికార్డింగ్ చాలామందికి బాగా కుదురుతుంది. అరపేజీ రాసి, మీ గొంతుతోనో, మీకు హాయినిచ్చే మనిషి గొంతుతోనో ఫోన్‌లో రికార్డు చేయండి. మామూలుగా మాట్లాడే వేగంలో సగం వేగం, వాక్యానికి వాక్యానికి మధ్య 5 నుంచి 10 సెకన్ల మౌనం. "భయపడొద్దు", "నొప్పి లేదు" లాంటి మాటలు తీసేయండి. వద్దన్నా మనసు ముందు ఆ మాటనే పట్టుకుంటుంది. "చేతులు బరువుగా ఉన్నాయి", "గాలి మెల్లగా వస్తోంది" అని ఉన్నదాన్నే చెప్పండి.

ఇక యుద్ధం దృశ్యాల సంగతి. తెల్ల రక్తకణాలు సైనికుల్లా వెళ్లి క్యాన్సర్ కణాలను చంపుతున్నట్టు ఊహించుకోమనే పద్ధతిని 1970లలో అమెరికాలో కార్ల్ సిమన్టన్ అనే రేడియేషన్ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఆ ఊహ వల్ల గడ్డ తగ్గుతుందని గాని, ఆయుష్షు పెరుగుతుందని గాని తేలలేదు. ఊహా దృశ్యం తగ్గించగలిగేది ఆందోళనను, కొంతమేర నొప్పిని, వికారాన్ని. ఆ మేరకు అది విలువైనదే. యుద్ధం ఊహించుకుంటే ధైర్యంగా అనిపించేవాళ్లు చేసుకోవచ్చు. కానీ స్కాన్ బాగా రాకపోతే "నేను సరిగా ఊహించలేదు" అన్న నింద మీ మీద వేసుకోకండి, ఇంట్లోవాళ్లను వేయనివ్వకండి. ఒంట్లో యుద్ధం జరుగుతోందన్న ఆలోచనే కొందరి నిద్ర చెడగొడుతుంది. వాళ్లకు చెట్టు నీడే మందు.

రెండూ కలిపితే

కండరాలు, ఊహ రెంటిలో ఒకటే ఎంచుకోవాలని లేదు. 10 నిమిషాలు కండరాలు వదులు చేసి, ఆ వెంటనే 10 నిమిషాలు దృశ్యంలోకి వెళ్లడం చాలా అధ్యయనాల్లో వాడిన జోడీ. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ, సొసైటీ ఫర్ ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ కలిసి 2022లో నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ జోడీని ఇవ్వదగిన వాటిలో చేర్చారు. మందులు మానేసి దీన్ని చేయమని కాదు, నొప్పి మందులతో పాటు.

కీమో పేరు వింటేనే వాంతి వచ్చేవాళ్లు

దీనిపై కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఆలస్యం చేస్తే నష్టం. మొదటి కీమోల్లో వాంతులు గట్టిగా అయితే, ఆ గది వాసన, సెలైన్ స్టాండు, చివరికి ఆసుపత్రికి వెళ్లే దారి కూడా మెదడులో వాంతితో ముడిపడిపోతాయి. తర్వాత మందు ఎక్కకముందే కడుపులో తిప్పుతుంది. ఇది బలహీనత కాదు, శరీరం నేర్చుకున్న పాఠం. ఒకసారి నాటుకున్నాక వాంతుల మందులు దీనిమీద అంతగా పనిచేయవు. అందుకే మొదటి కీమో నుంచే వాంతుల మందులు తప్పకుండా వేసుకోవడం అసలైన నివారణ. మొదటిసారి వాంతులు అయితే రెండోసారికి ముందే డాక్టరుకు చెప్పండి, మందు మారుస్తారు.

నాటుకున్నాక పనికొచ్చేవి కండరాల సడలింపు, హిప్నోసిస్, ఇంకా మెట్టుమెట్టుగా అలవాటు చేసే పద్ధతి. ఈ మూడోదాని మీద మారో, మారెల్ చేసిన అధ్యయనం 1982లో వచ్చింది. కీమోకు సంబంధించిన దృశ్యాలను తక్కువ ఇబ్బంది నుంచి ఎక్కువ ఇబ్బంది దాకా వరుసగా రాసుకుంటారు. క్యాలెండర్‌లో తేదీ చూడటం ఒక మెట్టు, ఆసుపత్రి గేటు మరో మెట్టు, సూది చివరి మెట్టు. ఒళ్లు పూర్తిగా వదులైన స్థితిలో ఒక్కో మెట్టును ఊహించి, ఇబ్బంది మొదలవగానే ఆపి, మళ్లీ వదులై, మళ్లీ ఊహిస్తారు. ఒంటరిగా చేయబోతే తొందరపడి పై మెట్టుకు ఎక్కేసి వికారాన్ని ఇంకా గట్టిపరచుకునే ప్రమాదం ఉంది. తర్ఫీదు ఉన్న సైకాలజిస్టుతో చేయండి.

ఇదే లెక్కన మరో చిన్న జాగ్రత్త. మీ రిలాక్సేషన్ ఆడియోను కీమో వార్డులో మాత్రమే వింటే, కొన్నాళ్లకు ఆ ఆడియో కూడా వికారంతో ముడిపడవచ్చు. ఇంట్లో, ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజుల్లో ఎక్కువసార్లు వినండి. మొదటి కీమోకు వారం పది రోజుల ముందే మొదలుపెట్టడం అన్నిటికన్నా మంచిది.

మిగతావి, క్లుప్తంగా

ఆటోజెనిక్ ట్రైనింగ్ 1932లో జర్మన్ వైద్యుడు షుల్ట్జ్ పుస్తకంగా తెచ్చిన పద్ధతి. "చెయ్యి బరువుగా ఉంది, వెచ్చగా ఉంది" అని మనసులో చెప్పుకోవడం. బిగించడం కుదరనివాళ్లకు బాగుంటుంది, వేడి ఆవిర్లు ఉన్నవాళ్లు వెచ్చదనం వంతు వదిలేయాలి. మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని మంచి చెడు అనుకోకుండా గమనించడం) కోర్సు సాధారణంగా 8 వారాలు ఉంటుంది. చికిత్స కాలంలో ఆందోళన, దిగులు తగ్గించడానికి పైన చెప్పిన రెండు సంస్థలే ఇచ్చిన 2023 నాటి మార్గదర్శకాల్లో అన్నిటికన్నా బలమైన సిఫారసు దీనికే దక్కింది. కానీ రేపటి స్కాన్‌కు అది అందిరాదు. నెలల తరబడి చికిత్స ఉన్నవాళ్లకు పెట్టుబడి పెట్టదగినది. హిప్నోసిస్ బయాప్సీ లాంటి ప్రక్రియల ముందు ఆందోళనకు, నొప్పికి ఉపయోగపడుతుంది, అయితే శిక్షణ ఉన్న నిపుణులు దొరకాలి. సంగీతం ఏ నేర్పూ అక్కర్లేనిది. ఏ ఓపికా లేని రోజున దాన్నే ఎంచుకోండి.

ఒత్తిడి అని పొరబడేవి

కొన్నిసార్లు ఏ పద్ధతీ పనిచేయకపోవడానికి కారణం మందే. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ లాంటి వాంతుల మందుల వల్ల కొందరికి కాళ్లు నిలవవు, కూర్చోలేరు, లోపల్నించి ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. దాన్ని అకతీజియా అంటారు. అది ఆందోళన కాదు, రిలాక్సేషన్‌తో పోదు. మందు మార్చాలి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వేసుకున్న రాత్రి నిద్ర పట్టకపోతే అది మీ తప్పు కాదు. ఆ మాత్రను ఉదయానికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి. కీమోలో ఉండగా జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, వణుకు వచ్చినా, ఛాతీ నొప్పి, కొత్తగా ఆయాసం వచ్చినా కళ్లు మూసుకుని శ్వాస లెక్కపెడుతూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

కొందరికి ఒళ్లు వదులవుతున్నకొద్దీ భయం పెరుగుతుంది. పట్టు జారిపోతున్నట్టు ఉంటుంది. అప్పుడు కళ్లు తెరిచి, కూర్చుని, 3 నిమిషాలతో మొదలుపెట్టండి. గతంలో తీవ్రమైన గాయాలు, హింస అనుభవించినవాళ్లు, భ్రమలు కలిగే మానసిక వ్యాధి ఉన్నవాళ్లు లోతైన ఊహా దృశ్యాలు సొంతంగా చేయకుండా నిపుణుల సమక్షంలో చేయాలి.

ఎంచుకున్నదాన్ని పరీక్షించడం

రెండు వారాలు రోజూ 15 నుంచి 20 నిమిషాలు చేయండి. చేసే ముందు, చేశాక ఒత్తిడి అంకె రాయండి. మొదటి మూడు నాలుగు రోజుల అంకెలు లెక్కలోకి తీసుకోకండి, నేర్చుకునే రోజులవి. భోజనం చేసిన వెంటనే, వాంతి వస్తున్న సమయంలో మొదటిసారి ప్రయత్నించకండి. డ్రైవింగ్ చేస్తూ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పడుకుని చేస్తే నిద్రపోతారు. రాత్రికి అది కావలసిందే, పగలు నేర్చుకునేటప్పుడు మాత్రం కుర్చీలో కూర్చోండి. రెండు వారాలకూ అంకె కదలకపోతే పద్ధతి మార్చండి. రెండో పద్ధతికీ కదలక 4 గాని అంతకు మించి గాని ఉంటే సైకాలజిస్టును లేదా సైకియాట్రిస్టును కలవాల్సిన సమయం అది.

పక్కనున్నవాళ్లు "రిలాక్స్ అయ్యావా?" అని మధ్యలో అడగొద్దు. పరీక్ష రాస్తున్నట్టు అనిపిస్తుంది. ఫోన్ మోగకుండా చూడటం, 20 నిమిషాలు తలుపు దగ్గరికి వేయడం వాళ్లు చేయగల సాయం. ఎమ్మారై గదిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. అందుకని మీ దృశ్యాన్ని మూడు మాటలకు కుదించి కంఠస్థం చేసుకోండి: కాలి కింద ఒకటి, చెవికి ఒకటి, ఒంటికి ఒకటి. గొట్టంలో దడదడ చప్పుడు మొదలైనప్పుడు ఆ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి తిప్పుతూ ఉండండి. చేతిలో పెట్టే బజర్ ఎక్కడుందో, ఎలా నొక్కాలో లోపలికి వెళ్లకముందే చూసుకోండి.